రెండూ ఒకేలా ఉన్నాయి, ఏది కొనమంటారు?

తీగల మాట: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిది ఒకటే బాధ. షాపులో రెండు ఎలక్ట్రిక్ గిటార్లు చూశారు, రెండూ కవలల్లా ఉన్నాయి, ధర అటూ ఇటుగా ఒకటే, ఏది తీసుకోవాలో తేలక నిద్ర పట్టడం లేదు. ఆ గిటార్లు నా చేతిలో లేవు కాబట్టి నేను చెప్పగలిగేదానికి హద్దు ఉంది. కానీ విశాఖలో రిపేరు బల్ల ముందు కూర్చునేవాణ్ని, కొన్న తర్వాత ఏ గిటార్ ఎందుకు ఏడిపిస్తుందో రోజూ చూస్తుంటాను. ఆ వైపు నుంచే జవాబులు.

ప్రశ్న: గురువుగారికి నమస్కారం. మాది కాకినాడ, ఈమధ్యే హైదరాబాద్‌లో ఉద్యోగంలో చేరాను. ఇన్నాళ్లూ స్నేహితుడి గిటార్‌తో నెట్టుకొచ్చాను. సొంతంగా ఒకటి కొందామని వెళితే యమహా పసిఫికా 112వీ, స్క్వయర్ అఫినిటీ స్ట్రాట్ హెచ్‌ఎస్‌ఎస్ చూపించారు. ఆకారం ఒకటే, పికప్‌ల (తీగ కదలికని పట్టి యాంప్‌కి పంపే అయస్కాంతాల) వరస ఒకటే, స్వరాన్ని ఊపే వామీ బార్ రెండింటికీ ఉంది. యమహా చేతికి హాయిగా ఉంది. స్క్వయర్ చూడ్డానికి బాగుంది, పైగా ఫెండర్ వాళ్లది. ఎవర్ని అడిగినా చెక్క గురించి, పికప్‌ల గురించి చెబుతున్నారు. నేను ఎక్కువగా సినిమా పాటల్లో వచ్చే సోలోలు వాయిస్తాను. ఏది తీసుకోమంటారు?

జవాబు: తమ్ముడూ, "చేతికి హాయిగా ఉంది" అని ఒక్క ముక్కలో అనేసి ముందుకెళ్లిపోయావు గానీ, నీ ఉత్తరం మొత్తంలో పనికొచ్చే మాట అదే. చెక్క, పికప్ అని చెప్పేవాళ్లు అబద్ధం చెప్పడం లేదు. కాకపోతే వాళ్లు చెప్పేవాటిలో చాలావరకు రేపు మార్చుకోదగ్గవే. పికప్ నచ్చకపోతే ఇంకోటి వేయించుకోవచ్చు. శృతి చేసే కీలు వదులైతే కొత్తవి బిగించుకోవచ్చు. నట్ (తల దగ్గర తీగలు ఆనే గాడుల పట్టీ), స్విచ్, వాల్యూమ్ పాట్, కొలతలు చూసుకుంటే బాడీ మీద తీగలు ఆనే బ్రిడ్జి కూడా మారుతుంది. నెక్ సంగతి అలా కాదు. దాని వెడల్పు, వెనక గుండ్రం, ఫింగర్‌బోర్డు వంపు, దాని మీది లోహపు మెట్ల, అంటే ఫ్రెట్ల ఎత్తు నీ చేతికి పడలేదంటే ఇక ఆ గిటార్‌ని అమ్ముకోవడమే. ఈ ధర గిటార్‌కి ఫ్రెట్లన్నీ పీకించి కొత్తవి వేయించడం దండగ ఖర్చు.

అందుకని ముందు నెక్‌ల సంగతి చూద్దాం. స్కేలు, అంటే నట్ నుంచి బ్రిడ్జి దాకా తీగ పొడవు, రెండింటికీ 25.5 అంగుళాలు, అంటే 648 మి.మీ. కాబట్టి ఒకే సైజు తీగలు వేస్తే బిగువు ఒకటే, ఫ్రెట్ల మధ్య ఎడం ఒకటే. నట్ దగ్గర వెడల్పు యమహాకి 41 మి.మీ., స్క్వయర్‌కి 42. ఒక్క మిల్లీమీటరే కదా అనుకోకు. లావు వేళ్లవాడు ఓపెన్ కార్డు వేస్తే పక్క తీగ మూగబోయేది ఆ ఒక్క మిల్లీమీటరు దగ్గరే. ఫ్రెట్లు యమహాకి 22, స్క్వయర్‌కి 21. ఆ చివరి ఫ్రెట్ కావాల్సివచ్చే పాటలు వేళ్ల మీద లెక్కపెట్టచ్చు, దాన్ని పక్కన పెట్టు.

అసలు తేడా ఫింగర్‌బోర్డు వంపులో ఉంది. బోర్డుని అడ్డంగా చూస్తే మధ్యలో కొంచెం ఉబ్బుగా ఉంటుంది. ఆ ఉబ్బు ఎంత పెద్ద వృత్తంలోంచి కోసిన ముక్కో చెప్పే లెక్కే రేడియస్. అది ఎంత పెద్దదైతే బోర్డు అంత చదునుగా ఉంటుంది. అఫినిటీకి 9.5 అంగుళాలు, పసిఫికాకి 13.75. అంటే యమహా బోర్డు బాగా చదును. 1954లో ఫెండర్ మొదటి స్ట్రాటొకాస్టర్‌కి పెట్టింది 7.25 అంగుళాలు, ఇంకా గుండ్రం. గుండ్రటి బోర్డు మీద బారె కార్డు పట్టినప్పుడు చూపుడువేలు సహజంగా ఒదుగుతుంది, రిథమ్ వాయించేవాళ్లకి సుఖం. కానీ అదే బోర్డు మీద పన్నెండో ఫ్రెట్ దాటాక తీగని పైకి తోసి బెండ్ చేస్తే, ఆ తీగ ఉబ్బు మీదికి ఎక్కి ముందున్న ఫ్రెట్లకి తగులుతుంది, స్వరం మధ్యలో చచ్చిపోతుంది. అలా కాకుండా ఉండాలంటే యాక్షన్, అంటే ఫ్రెట్ల మీద తీగల ఎత్తు, పెంచుకోవాలి. చదును బోర్డు మీద యాక్షన్ కిందికి దింపినా బెండ్ బతికే ఉంటుంది. నువ్వు వాయించేది సోలోలు అన్నావు. నీ చెయ్యి యమహా దగ్గర ఎందుకు ఆగిందో ఇప్పుడు తెలిసింది కదా.

అయినా నా మాట మీద కొనకు. మళ్లీ షాపుకి వెళ్లు, ఈసారి యాంప్ ఆన్ చేయనివ్వకు. యాంప్ మోగితే చెవి మిగతావాటన్నిటినీ మరిపిస్తుంది. రెండు గిటార్లకీ ఒకే సైజు తీగలు ఉన్నాయో లేదో అడుగు. ఒకదానికి 9 సైజు, ఇంకోదానికి కాస్త లావైన 10 సైజు వేసి ఉంటే నువ్వు పోల్చేది గిటార్లని కాదు, తీగల్ని. జేబులో ఒక ఇనుప స్కేలు పెట్టుకుని వెళ్లు. పన్నెండో ఫ్రెట్ మీద లావు తీగకి అడుగున ఉన్న సందు కొలువు. 2 మి.మీ. దరిదాపుల్లో ఉంటే సరే. 3 ఉంటే గిటార్ చెడ్డదని కాదు, దాన్ని ఎవరూ సెటప్ చేయలేదని. షాపుల్లో వేలాడే గిటార్లు చాలావాటి పరిస్థితి అదే, పెట్టెలోంచి తీసి గోడకి తగిలిస్తారు. బ్రిడ్జి మీద ఒక్కో తీగ ఆనే సాడిల్‌కి ఉన్న చిన్న ఎలెన్ స్క్రూలు తిప్పితే ఆ ఎత్తు దిగుతుంది. వాళ్లని దింపమని అడుగు. చేయం అంటే అక్కడ కొన్నాక నీకు అందే సర్వీసు ఏపాటిదో ముందే తెలిసినట్టు.

దింపాక మొదటి తీగని పదిహేనో ఫ్రెట్ దగ్గర ఒక ఫుల్ టోన్ పైకి బెండ్ చేసి అలాగే పట్టుకో. స్వరం నిలబడిందా? తర్వాత ఆ తీగనే అయిదో ఫ్రెట్ దగ్గర కిందికి లాగుతూ వైబ్రాటో ఇవ్వు. తీగ బోర్డు అంచు దాటి జారిపోతోందేమో చూడు. చాలామంది ఈ పరీక్ష చేయరు, ఇంటికెళ్లాక నా దగ్గరికి తెస్తారు. నెక్ బోల్టులు కొంచెం వదులు చేసి అటో ఇటో జరిపితే కొన్నిసార్లు సరిపోతుంది, కొన్నిసార్లు బ్రిడ్జి తీగల ఎడం నెక్ కన్నా వెడల్పుగా ఉండి ఏం చేసినా కుదరదు. చివరగా ఎడమ అరచెయ్యి నెక్ అంచు మీద పైనుంచి కిందిదాకా జారించు. ఫ్రెట్ కొనలు గీరుకుంటున్నాయా? వాన రోజుల్లో చెమ్మ పీల్చి ఉబ్బిన చెక్క హైదరాబాద్ ఎండల్లో ఎండి కుంచించుకుపోతుంది, ఫ్రెట్ లోహం కుంచించుకోదు, కొనలు బయటికి పొడుచుకొస్తాయి. ఆకురాయితో గంటలో పోయే జబ్బే, కానీ దాన్ని పట్టుకుని ధర తగ్గించమని అడగచ్చు.

హార్డ్‌వేర్‌కి వద్దాం. కొత్త అఫినిటీకి బ్రిడ్జి రెండు పోస్టుల మీద ఆగుతుంది, పసిఫికాది వింటేజ్ తరహా. బార్ మృదువుగా కదలడంలో రెండు పోస్టులదే కొంచెం పైచేయి. కానీ ఈ ధరలో శృతి తప్పడానికి బ్రిడ్జి కన్నా నట్ ఎక్కువ కారణం. బార్ నొక్కి వదులు, మూడో తీగ చూడు. టిక్కుమని చప్పుడు చేస్తే అది నట్ గాడిలో ఇరుక్కుంటున్నట్టు. అఫినిటీ బాడీ కాస్త పలచన, తేలిక, నిలబడి వాయించేవాడి భుజానికి మంచిదే. కాకపోతే తర్వాతెప్పుడో బరువైన ఇనుప బ్లాక్ ఉన్న బ్రిడ్జి వేయాలనుకుంటే ఆ బ్లాక్ వెనకనుంచి బయటికి వచ్చేస్తుంది, కొలిచి మరీ కొనాలి. పసిఫికాలో టోన్ నాబ్ పైకి లాగితే రెండు కాయిల్స్ ఉన్న హంబకర్ పికప్ ఒక్క కాయిల్‌ది, అంటే సింగిల్ కాయిల్ అవుతుంది, అది నిజంగా వాడుకునే సౌకర్యం. పికప్ అయస్కాంతాలు యమహాలో ఆల్నికో, అఫినిటీలో సెరామిక్. వింటే తేడా ఉంటుంది. ఏది మేలో మాత్రం నీ యాంప్‌ని బట్టి, నీ చెవిని బట్టి.

షాపువాణ్ని అదే మోడల్ ఇంకో పీస్ తెమ్మని కూడా అడుగు. ఒకే కార్‌ఖానాలో ఒకే వారం తయారైన రెండు గిటార్లకీ ఫ్రెట్ పని ఒకేలా ఉండదు. పరీక్షలన్నీ నెగ్గితే యమహా తీసుకో. ఇక హెడ్ మీద పేరు అంటావా, వాయించేటప్పుడు అది నీకు కనబడదు, ఎదుటివాళ్లకి కనబడుతుంది. ఫోటోలు దిగడానికే కొంటున్నావంటే స్క్వయర్‌కే నా ఓటు.

ప్రశ్న: ఒకే మోడల్ గిటార్ క్రోమ్ హార్డ్‌వేర్‌తో ఒకటి, బంగారు రంగు హార్డ్‌వేర్‌తో ఒకటి ఉన్నాయి. రెండోది కొంచెం ఎక్కువ. మాది భీమిలి, ఇల్లు బీచ్‌కి దగ్గర. (ఒక పాఠకుడు)

జవాబు: క్రోమ్ తీసుకోండి. బంగారు పూత చాలా పలచన, అరచెయ్యి ఆనే బ్రిడ్జి దగ్గర చెమటకి ముందు పోయేది అదే. మీకు చెమటతో పాటు ఉప్పుగాలి కూడా తోడు. ఏ రంగు కొన్నా సాడిల్ స్క్రూలు తుప్పు పట్టకుండా అప్పుడప్పుడూ దూదితో కుట్టుమిషను నూనె ఒక్క చుక్క అద్దండి. ఎలెన్ స్క్రూ తల తుప్పుకి అరిగిపోయిందంటే దాన్ని బయటికి తీయడానికి నేను పడే పాట్లు మీరు చూడలేరు.

ప్రశ్న: అయ్యా, నేను చిన్నప్పటి నుంచి వీణ నేర్చుకున్నాను, ఇప్పుడు పిల్లలకి చెబుతున్నాను. ఎలక్ట్రిక్ గిటార్ మీద కర్ణాటక సంగీతం వాయించాలని చాలాకాలంగా కోరిక. మా అబ్బాయి ఐబనేజ్ ఆర్‌జీలో రెండు చూపించాడు. నెక్ ఒకేలా ఉంది, రంగూ ఒకటే. ఒకదానికి బ్రిడ్జి కదలదు, రెండోదానికి ఫ్లాయిడ్ రోజ్ రకం లాకింగ్ ట్రెమొలో. రెండోదానితో స్వరాన్ని కిందికీ పైకీ ఊపచ్చు కాబట్టి గమకాలకి అదే మంచిదని వాడి వాదన. నిజమేనా? (రాజమహేంద్రవరం నుంచి ఒక వీణ టీచర్)

జవాబు: అమ్మా, మీ అబ్బాయి వాదన వినడానికి బాగుంది. కానీ కదలని బ్రిడ్జి ఉన్నదే తీసుకోండి. ఎందుకో కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే మీ ప్రశ్న లాంటిది నాకు అరుదుగా వస్తుంది.

ముందు నెక్. మీ వీణకి 24 మెట్లు, ఆర్‌జీకి 24 ఫ్రెట్లు. రెండూ ఒక్కో తీగ మీద సరిగ్గా రెండు స్థాయిలు ఇస్తాయి. మీరు సగం దారి అప్పుడే నడిచేసినట్టు. ఆర్‌జీ బోర్డు 400 మి.మీ. రేడియస్, అంటే దాదాపు చదును, ఫ్రెట్లు జంబో. వీణ మీద మీరు తీగని మెట్టు మీద పక్కకి లాగి పై స్వరాలు పుట్టిస్తారు కదా, ఇక్కడా అదే పని. మైనం మీద నిలబెట్టిన కంచు మెట్టంత ఎత్తు ఇక్కడ ఉండదు, లాగే దూరం తక్కువ, మొదట్లో వేలి చర్మానికి బోర్డు తగులుతుంది. ఫ్రెట్ ఎత్తుగా, బోర్డు చదునుగా ఉంటే ఆ ఇబ్బంది తగ్గుతుంది. ఈ విషయంలో మీకు చూపించిన రెండూ సమానమే.

ఇక బ్రిడ్జి. ఫ్లాయిడ్ రోజ్ అనే అమెరికన్ గిటారిస్టు 1970ల చివర్లో తయారుచేసిన ఏర్పాటు అది. తీగల్ని నట్ దగ్గర, బ్రిడ్జి దగ్గర రెండు చోట్లా బిగించేస్తారు. బ్రిడ్జి మాత్రం గాలిలో తేలుతుంటుంది. ఒకవైపు తీగలు లాగుతుంటే ఇంకోవైపు స్ప్రింగులు లాగుతుంటాయి, ఆ రెండూ సమంగా ఉన్నంతసేపు శృతి నిలుస్తుంది. మీరు ఒక తీగని గమకం కోసం లాగగానే ఆ సమతూకం చెదురుతుంది. బ్రిడ్జి కొంచెం ముందుకి వంగుతుంది, మిగతా అయిదు తీగలు శృతి దిగుతాయి. పక్కన ఒక తీగని షడ్జానికి కలిపి తాళం తీగలా మీటుకుంటూ వాయించారనుకోండి, ప్రతి కంపితానికీ ఆ షడ్జం కూడా వణుకుతుంది. మీ చెవికి అది ఎంత నరకమో నేను ఊహించగలను. ఇంకో మాట, లాగిన తీగ కూడా బ్రిడ్జి వంగినంత మేర వదులవుతుంది కాబట్టి, అదే స్వరం చేరడానికి మీరు ఇంకా దూరం లాగాలి. కదలని బ్రిడ్జి మీద వేలు లాగినంతా స్వరంలోకి వెళుతుంది.

శృతి మార్చడం ఇంకో తలనొప్పి. ఇవాళ ఒకరి పక్కన వాయిస్తారు, రేపు ఇంకొకరి పక్కన. ఫ్లాయిడ్ రోజ్ మీద తీగల్ని ఒక స్వరం దింపాలంటే నట్ దగ్గర బోల్టులు విప్పాలి, ఒక తీగ దింపగానే మిగతావి పైకి ఎక్కుతాయి, మళ్లీ అన్నీ సర్దాలి, వెనక మూత తీసి స్ప్రింగుల స్క్రూలు వదులు చేయాలి. కచేరీలో ఒక తీగ తెగితే మిగతా అన్నీ ఒక్కసారి శృతి ఎక్కిపోతాయి. కదలని బ్రిడ్జి అయితే కీ తిప్పడమే, తీగ తెగినా మిగతావి ఉన్నచోటే ఉంటాయి.

బార్‌తో ఊపితే గమకం రాదా అంటే, బార్ అన్ని తీగల్నీ కలిపి ఊపుతుంది. గమకం ఒక స్వరంది, దాని ఆరంభం, వేగం, ఆగే చోటు అన్నీ వేలు నిర్ణయించాలి. పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండొలిన్ మీద కచేరీలు చేసింది ఎడమచేతి వేళ్లతోనే. గిటార్ మీద సుకుమార్ ప్రసాద్, ప్రసన్న వినండి, మీకు దారి తెలుస్తుంది.

తీగలు 9-42 సెట్‌తో మొదలుపెట్టండి. మరీ వదులుగా అనిపిస్తే అప్పుడు 10-46కి మారచ్చు. బిగువైన తీగలతో వీణ చెయ్యి కూడా నొప్పెడుతుంది. యాక్షన్ మరీ నేలకి దింపనివ్వకండి. కుర్రాళ్లు వేగం కోసం అలా కోరుకుంటారు. మీకు తీగ కిందికి వేలికొన దూరి, తీగని పట్టి లాగడానికి ఆ కాస్త సందు కావాలి.

ప్రశ్న: మా అమ్మాయికి 13 ఏళ్లు, చేతులు చిన్నవి. లెస్‌పాల్ ఆకారం గిటార్‌కి స్కేలు తక్కువ కాబట్టి అదే కొనమన్నారు. స్ట్రాట్ ఆకారం తనకి నచ్చింది. (కరీంనగర్ నుంచి ఒక తండ్రి)

జవాబు: స్కేలు తక్కువన్నది నిజమే, 25.5కి బదులు 24.75 అంగుళాలు. కానీ లెక్క వేస్తే మొదటి ఫ్రెట్ దగ్గర ఎడం తేడా ఒక మిల్లీమీటరు పైచిలుకు, అంతే. వేళ్లు చాచడంలో అది పెద్దగా తెలియదు. తెలిసేది తీగల బిగువులో, అవే తీగలు దాదాపు ఆరు శాతం వదులుగా ఉంటాయి. ఆ మెత్తదనం స్ట్రాట్ మీద కావాలంటే ఒక సైజు సన్నం తీగలు వేస్తే సరి. లెస్‌పాల్ రకం మామూలుగా బరువు ఎక్కువ, 4 కిలోలు దాటినవి బోలెడు. 13 ఏళ్ల భుజం మీద గంటసేపు ఆ బరువు ఎందుకండీ? స్ట్రాట్‌కి వెనక పొట్ట ఆనేచోట, ముందు ముంజెయ్యి ఆనేచోట చెక్క చెక్కి ఉంటుంది. ఇంకో సంగతి, లెస్‌పాల్ రకానికి తల వెనక్కి వాలి ఉంటుంది, కింద పడితే విరిగేది అక్కడే. నా బల్ల మీదికి తల విరిగి వచ్చేవి ఎక్కువగా ఆ రకమే. అమ్మాయికి నచ్చింది కొనండి. చెప్పులు కొనేటప్పుడు పిల్లని తీసుకెళ్లినట్టే గిటార్‌కీ తీసుకెళ్లండి, కూర్చోబెట్టీ నిలబెట్టీ పట్టించి చూడండి.

ప్రశ్న: నేను గుంటూరులో చర్చిలో లీడ్ వాయిస్తాను. సెకండ్‌హ్యాండ్‌లో రెండు స్ట్రాట్ రకం గిటార్లు దొరికాయి. ఒకదానికి పాత యజమాని లాకింగ్ కీలు వేయించాడు, అందుకని కొంచెం ఎక్కువ అడుగుతున్నాడు. ఆరాధన మధ్యలో శృతి పోతోందనే నా టెన్షన్ అంతా. లాకింగ్ కీలు ఉన్నది తీసుకోనా?

జవాబు: బ్రదర్, లాకింగ్ కీ చేసే పని ఏమిటంటే, తీగని పోస్టులో బిగించి పట్టేస్తుంది, చుట్లు వేయక్కర్లేదు. తీగ మార్చడం నిమిషంలో అయిపోతుంది, చుట్ల దగ్గర జారుడు ఉండదు. శృతిని పట్టి ఉంచే మంత్రం మాత్రం దాంట్లో లేదు. మామూలు కీకి రెండు మూడు చుట్లు ఒకదాని కింద ఒకటి శుభ్రంగా వేసి, తీగని చేత్తో బాగా సాగదీసి కలిపితే అది కూడా నిలుస్తుంది. శృతి పోయేది మీరు బెండ్ చేశాక అయితే అనుమానించాల్సింది నట్‌ని. మెత్తటి పెన్సిల్ మొన గాడిలో రుద్ది చూడండి. దాంతో తేడా కనబడితే జబ్బు దొరికినట్టే, ఎముక నట్ వేయించుకోండి, కీల కన్నా చవక.

సెకండ్‌హ్యాండ్ గిటార్‌లో నేనైతే కీలు చివర చూస్తాను. మొదటి మూడు ఫ్రెట్లు ముందు చూస్తాను. సన్న తీగల కింద గుంటలు పడి ఉన్నాయా? తక్కువ లోతువి రాపిడితో సమం చేయచ్చు, లోతైనవైతే ఫ్రెట్లు మార్చాలి. తర్వాత లావు తీగని మొదటి ఫ్రెట్ దగ్గర ఒక చేత్తో, చివరి ఫ్రెట్ దగ్గర ఇంకో చేత్తో నొక్కి, ఏడో ఫ్రెట్ దగ్గర సందు ఎంతో చూడండి. విజిటింగ్ కార్డు దూరేంత ఉంటే నెక్ బాగుంది. ఎక్కువ ఉంటే యజమాని ముందే నెక్ వంపుని సర్దే ట్రస్ రాడ్‌ని పావు చుట్టు తిప్పించండి. రాడ్ నట్ తిరగకపోయినా, గుండ్రంగా అరిగిపోయి ఉన్నా ఆ గిటార్ ఎంత చవకైనా వదిలేయండి. హెడ్ వెనక పాత కీల స్క్రూ రంధ్రాలు, కొత్తవి చూసుకోండి. రంధ్రాలు వంకరటింకరగా ఉన్నాయంటే కీలు మార్చినవాడి పనితనం మిగతాచోట్ల కూడా ఉండే ఉంటుంది. ఇవన్నీ సమానంగా ఉంటే లాకింగ్ కీలున్నదానికి కాస్త ఎక్కువ ఇవ్వచ్చు. ఆదివారం పొద్దున తీగ తెగితే ఆ నిమిషం విలువ మీకే తెలుసు.

ప్రశ్న: ఫింగర్‌బోర్డు రోజ్‌వుడ్‌ది ఒకటి, లారెల్‌ది ఒకటి. లారెల్ నాసిరకమా? (ఒంగోలు నుంచి ఒక విద్యార్థి)

జవాబు: కాదు. 2017 జనవరి నుంచి రోజ్‌వుడ్ జాతులన్నిటి మీదా అంతర్జాతీయ వాణిజ్య ఆంక్షలు వచ్చాయి, చాలా కంపెనీలు వేరే చెక్కలు వెతుక్కున్నాయి. 2019 చివర్లో తయారైన వాయిద్యాలకి సడలింపు ఇచ్చినా, చవక గిటార్లలో లారెల్ అలాగే ఉండిపోయింది. రంగు కొంచెం పాలిపోయి, ఎండిపోయినట్టు కనిపిస్తుంది. తీగలు మార్చినప్పుడల్లా బోర్డుకి నూనె కొంచెం పట్టించి తుడిస్తే సరిపోతుంది. వేలు నొక్కేది తీగనీ ఫ్రెట్‌నీ, చెక్కని కాదు. ఈ తేడా మీద డబ్బు పెట్టకు.

ప్రశ్న: మా ఊరు నిజామాబాద్ దగ్గర. ఇప్పుడున్నది మూడు సింగిల్ కాయిల్స్ గిటార్, ఇంట్లో ఒకటే గుయ్యిమని మోత. తీగల మీద చెయ్యి వేస్తే మోత తగ్గుతుంది. మైకుకి పెదవి తగిలితే జిల్లుమంటుంది. అదే కంపెనీలో రెండు హంబకర్‌లున్నది కొంటే ఈ బాధలన్నీ పోతాయా?

జవాబు: మీరు రెండు వేర్వేరు సంగతుల్ని ఒక్క ఉత్తరంలో కలిపేశారు. మొదటిది మోత. సింగిల్ కాయిల్ చుట్టుపక్కల కరెంటు మోతని యాంటెన్నాలా పట్టేస్తుంది. పాతరకం ట్యూబ్‌లైట్ చోక్, ఫ్యాన్ రెగ్యులేటర్, పండగ రోజుల్లో గోడ నిండా సీరియల్ సెట్లు, అన్నీ దానికి వినబడతాయి. 1955లో గిబ్సన్‌లో పనిచేసే సెత్ లవర్ రెండు కాయిల్స్‌ని ఎదురెదురుగా కలిపి ఆ మోత ఒకదాన్నొకటి చంపుకునేలా చేశాడు, అదే హంబకర్. కాబట్టి ఈ బాధ చాలావరకు పోతుంది. కానీ సింగిల్ కాయిల్‌కి ఉన్న ఆ పలచటి మెరుపు కూడా పోతుంది, అది మీకు ఇష్టమైతే తర్వాత బాధపడతారు. ముందు సెలక్టర్‌ని రెండో స్థానంలో, నాలుగో స్థానంలో పెట్టి వినండి. చాలా గిటార్లలో మధ్య పికప్‌ని తిరగచుట్టి ఉంటారు, ఆ రెండు చోట్లా మోత తగ్గుతుంది. గదిలో అటూ ఇటూ తిరిగి కూర్చుని కూడా చూడండి, దిక్కు మారితే మోత మారుతుంది.

రెండోది పెదవికి జిల్లుమనడం. దానికీ పికప్‌కీ సంబంధం లేదు. ఎలక్ట్రిక్ గిటార్ తీగలు బ్రిడ్జి ద్వారా, కేబుల్ ద్వారా యాంప్ ఎర్త్‌కి కలిసి ఉంటాయి. యాంప్ ఎర్త్ ప్లగ్గు మూడో పిన్ను ద్వారా గోడలోకి వెళ్లాలి. మీ గోడలో ఆ మూడో రంధ్రం వెనక వైరే లేకపోయినా, ఎవరో ఆ పిన్ను విరిచి రెండు పిన్నులది చేసినా, యాంప్‌లో ఎక్కడైనా లీకైన కరెంటు మీ ఎడమ చేతిలోంచి మైకు దాకా దారి వెతుక్కుంటుంది. ఇవాళ జిల్లుమన్నది రేపు పట్టుకుని వదలకపోవచ్చు. వినాయక చవితి పందిళ్లలో, తడి నేల మీద, చెప్పులు లేకుండా వాయించేవాళ్లకి ఇది ఇంకా ప్రమాదం. ఎంత మంచి హంబకర్ గిటార్ కొన్నా ఆ షాక్ అలాగే ఉంటుంది.

కాబట్టి ఆ రెండో గిటార్ ఆలోచన ఆపి ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. ఎర్తింగ్ సరిగా ఉందో లేదో మీటరుతో చూపించమనండి, కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ పెట్టించండి. యాంప్, మైకు ఆంప్లిఫయర్ రెండూ ఒకే బోర్డులోంచి తీసుకోండి. అప్పటిదాకా ఆ గిటార్ పట్టుకుని మైకు దగ్గరికి వెళ్లకండి. పని అయ్యాక మోత ఎంత మిగిలిందో విని మళ్లీ రాయండి, గిటార్ మార్చాలో వద్దో అప్పుడు చెబుతాను.